అమెడియో అవగాడ్రో

ధాన్యపు గింజలను ఎవరును లెక్కించి అమ్మరు. కొలిచియో తూచియో అమ్ముదురు. కంటికి కానరాని పరమాణువులను సైతము తూనికచేతనే లెక్కింపవచ్చునను మార్గమునకు పునాది వేసినవాడు అమెడియో అవగాడ్రో. తన పేర వెలసిన సంఖ్య ఎంతయో ఎరుగకయే ఆయన కన్నుమూసెను.

నేటి ఇటలీలోని ట్యూరిన్ నగరమున 1776 ఆగస్టు 9న ఆయన జన్మించెను. తండ్రి న్యాయాధికారి. కుమారుడును ఆ దారినే నడచి, 1796లో ఇరువదేండ్లకే మతధర్మశాస్త్రమున పట్టము పొంది న్యాయవాదియయ్యెను. కాని మనస్సు కోర్టు కాగితములపై నిలువలేదు. గణితమును భౌతికశాస్త్రమును స్వయంకృషితో నేర్చి, 1809లో వెర్చెల్లీ పట్టణపు కళాశాలలో ఉపాధ్యాయుడయ్యెను.

రెండు పాళ్లు ఉదజనియు ఒక పాలు ఆమ్లజనియు కలిసినచో రెండు పాళ్ల నీటియావిరి వచ్చును. ఒక్క పాలు ఆమ్లజని రెండు పాళ్ల ఆవిరిలోనికి ఎట్లు పంపకమయ్యెను? 1811లో ఆయన సమాధానము ప్రకటించెను. ఒకే ఉష్ణోగ్రతలో, ఒకే పీడనములో సమాన పరిమాణముగల వాయువులన్నిటను అణువుల సంఖ్య సమానమే. ఆమ్లజని అణువు జంట పరమాణువుల కూడిక గనుక రెండుగా చీలుచున్నది. ఒకే జాతి పరమాణువులు జతకూడవని నమ్మిన డాల్టన్, బెర్జీలియస్ వంటి ఉద్దండుల కాలమది. ఆ మాట ఎవరి చెవిని సోకలేదు.

1820లో ట్యూరిన్ విశ్వవిద్యాలయమున ఆచార్య పదవి లభించెను. మరుసటి యేటి రాజకీయ కల్లోలముల అనంతరము ఆ పీఠము మూతవడెను. 1834లో మరల చేరి 1850 వరకు బోధించెను. 1856 జూలై 9న గతించెను.

ఈలోగా రసాయనశాస్త్రము చిక్కువడిన నూలుకండెవలె తయారయ్యెను. వినెగారునందలి ఆమ్లమునకే పందొమ్మిది విధముల సంకేతములు వాడుకలోనుండెను! 1860లో కార్ల్స్‌రూహే నగరమున రసాయనజ్ఞులు సమావేశమైనప్పుడు, ఇటలీవాడే యగు కానిజారో రచించిన చిన్న పుస్తకమును పంచిపెట్టిరి. అవగాడ్రో సూత్రమును పట్టుకొన్నచో పరమాణు భారములన్నియు సరిపడునని అది నిరూపించెను. ఆయన మరణించి అప్పటికి నాలుగేండ్లు.

1865లో లోష్మిట్ వాయ్వణువుల పరిమాణమును అంచనా కట్టెను. 1909లో పెరిన్ ఆ లెక్కను నిగ్గుదేల్చి, సంఖ్యకు అవగాడ్రో పేరు పెట్టెను. అది 6022 ప్రక్కన ఇరువది సున్నలు చేర్చినంత. అన్ని కణముల రాశికి మోల్ అని పేరు. నీటికి మోల్ 18 గ్రాములు, అనగా తులమున్నరకు కొంచెము ఎక్కువ. 9 గ్రాముల నీటిని 18చే భాగింపగా అరమోల్. ఆ అరను సంఖ్యతో గుణింపగా 3011 ప్రక్క ఇరువది సున్నల అణువులు. ప్రతి అణువునందు మూడేసి పరమాణువులు గనుక పరమాణువులు 9033 ప్రక్క ఇరువది సున్నలు. కణముల సంఖ్యయే తెలిసినప్పుడు గుణకారమునకు మారుగా భాగహారము చేసినచో మోల్లు వచ్చును. ఉన్నత పాఠశాల బాలబాలికలు నేర్చు లెక్క ఇదియే.

2019 మే 20 నుండి ఆ సంఖ్యను 602214076 ప్రక్కన పదునైదు సున్నలుగా నిర్ణయించి, మోల్ నిర్వచనమును దానిపైననే నిలిపిరి.