కొనకముందే చేతిలో పెట్టిన అమృతాంజనం

ఉప్పునుంతలలో గానుగ పట్టిన పల్లీ నూనె అమ్ముతున్నారనుకోండి. ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ తెరిచారు, ఫాలోవర్లు వంద దాటలేదు. ఇంతలో ఎవరో ఫోన్ చేసి, కొంచెం డబ్బిస్తే వేలల్లో ఫాలోవర్లను, పదుల్లో మంచి రివ్యూలను తెచ్చిపెడతానన్నాడు. ఆశ పుడుతుంది కదూ! డబ్బు పంపే ముందు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు సంగతి వినండి.

ఆయన 1867లో కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో డిగ్రీ చేశారు. కలకత్తాలో మందుల వ్యాపారం మెళకువలు నేర్చుకున్నారు. తర్వాత బొంబాయి చేరి ఓ కంపెనీలో ఉద్యోగం చేశారు. 1893లో అక్కడే అమృతాంజనం మొదలుపెట్టారు. పరాయి ఊరు, ఎవరూ వినని పేరు. ఇప్పుడు మీ పేజీ ఉన్న పరిస్థితే.

అప్పుడాయన సంగీత కచేరీల దగ్గర అమృతాంజనాన్ని ఉచితంగా పంచారు. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. గొప్పలు చెప్పుకోవడానికి తలనొప్పి మందుకు మించిన సరుకు ఉండదు. నొప్పి కంటికి కనపడదు, ఏం చెప్పినా చెల్లిపోతుంది. కానీ మందే చేతిలో పెడితే తీర్పు రాసుకున్నవాళ్లదే. పని చేయకపోతే ఆ మాట పక్క కుర్చీకి చేరడానికి ఎంతసేపు? అంటే పంచేవాడు తన పరువును పణం పెట్టినట్టే. డబ్బిచ్చి రాయించుకున్న రివ్యూలో ఆ పణమే లేదు, సరుకు ముట్టుకోని మనిషి వాడానని చెప్తాడంతే. (అన్నట్టు, శాంపిల్ సీసాలో ఒక నూనె, అమ్మే డబ్బాలో ఇంకో నూనె పోస్తే అదీ మోసమే.)

మందు నిలబడింది. ఆ సంపాదనతోనే 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా పెట్టారు. 1914లో మద్రాసుకు మార్చి దినపత్రిక చేశారు. 1924లో భారతి మాసపత్రిక, ఆ తర్వాత ఆంధ్ర గ్రంథమాల వచ్చాయి. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకూ వెళ్లారు. జనం దేశోద్ధారక అని పిలుచుకున్నారు. పత్రిక ఎవరిదో, మందు ఎవరిదో పాఠకులకు తెలుసు, అందులో దాపరికం లేదు.

మీ విషయంలో ఈ దాపరికమే చిక్కు. ఊళ్లో రీల్స్ చేసే తమ్ముడికి డబ్బిచ్చారో, ఓ క్యాన్ నూనె ఊరికే ఇచ్చారో, అది ప్రచారమని వీడియోలోనే చెప్పించాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా పడొచ్చు. పంతులుగారి కాలంలో ఈ చట్టం లేదు. భయం లేకున్నా ఆయన పంచే దారే పట్టారు, నాకు నచ్చింది అదే.

1936లో అమృతాంజనం పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ అయింది. 1938లో ఆయన పోయారు. ఆ పసుపుపచ్చ మందు ఇప్పటికీ మన మందుల షాపుల్లో దొరుకుతోంది.

సంక్రాంతికి ఉమామహేశ్వరం జాతరకు వెళ్తారుగా, చిన్న సీసాల్లో నూనె పట్టుకెళ్లండి. అడిగి, సరేనన్నవాళ్ల నంబరే వాట్సాప్ గ్రూపులో కలపండి. ఇంటికెళ్లి వాడాక ఎవరైనా వాసన బాగోలేదని పేజీలో రాస్తే, ఆ కామెంటు తీసేయకుండా గానుగ దగ్గరికెళ్లి పల్లీలు చూడండి.