చంద్రుని మట్టిని చదివిన యూజిన్ షూమేకర్

మన కొత్తగూడెం చుట్టుపక్కల కనిపించే ఇసుకరాయి ఒకప్పుడు నదులు తెచ్చి పోసిన ఇసుకే. పైపొరల బరువు, నీటిలోని ఖనిజాలు కలిసి కోట్ల సంవత్సరాలలో దానిని రాయిగా మార్చాయి. మరి నదులు లేని చంద్రునిపై మట్టి రాయిగా ఎలా మారుతుంది? ఉల్కల దెబ్బకు! ఈ పరిశోధనకు బాట వేసినవారిలో ముఖ్యులు యూజిన్ షూమేకర్.

ఆయన 1928 ఏప్రిల్ 28న అమెరికాలోని లాస్ ఏంజిల్స్‌లో జన్మించారు. 1948లో ఆ దేశపు భూగర్భ సర్వే సంస్థలో చేరారు. చంద్రునిపై కాలుపెట్టి అక్కడి రాళ్ళను స్వయంగా పరీక్షించాలన్నది ఆయన కల.

అరిజోనా ఎడారిలో సుమారు 1.2 కిలోమీటర్ల వెడల్పు గల పెద్ద గొయ్యి ఉంది. అది ఎలా ఏర్పడిందో అప్పటికి తేలలేదు. షూమేకర్ దానిని అణుపరీక్షల వల్ల ఏర్పడిన గోతులతో పోల్చి చూశారు. 1960లో ఎడ్వర్డ్ చావో తదితరులతో కలిసి అక్కడి రాళ్ళలో కోయెసైట్ అనే ఖనిజం ఉందని ప్రకటించారు. విపరీతమైన ఒత్తిడి ఉంటేనే అది ఏర్పడుతుంది. దాంతో ఆ గొయ్యి ఉల్క పడి ఏర్పడిందేనని రుజువైంది.

ఇంతలో 1963లో ఆయనకు అడిసన్స్ వ్యాధి ఉన్నట్లు తెలిసింది. వ్యోమగామి అయ్యే దారి మూసుకుపోయింది. అయినా ఆయన పని మానలేదు. తాను వెళ్ళలేని చోటికి వెళ్ళే వ్యోమగాములను ఆ గొయ్యి దగ్గరకే తీసుకెళ్ళి రాళ్ళను గుర్తించడం నేర్పారు.

1969లో అపోలో 11 తెచ్చిన రాళ్ళలో ఎన్నో బ్రెక్షియాలు, అంటే ముక్కలూ మట్టీ అతుక్కుని ఏర్పడిన రాళ్ళు. ఉల్క పడగానే తాకిడి తరంగం వదులు మట్టిలోంచి దూసుకుపోతుంది. రేణువుల మధ్య ఖాళీలు నలిగి మూసుకుపోతాయి. ఆ వేడికి రేణువుల అంచులు కరిగి, గాజుగా మారి, జిగురులా పట్టేస్తాయి. ఇక్కడ కోట్ల ఏళ్ళు పట్టే పని అక్కడ క్షణాలలో జరిగిపోతుంది.

1997 జూలై 18న ఉల్కా గోతుల పరిశీలనకు ఆస్ట్రేలియా వెళ్ళిన షూమేకర్ కారు ప్రమాదంలో మరణించారు. ఆయన చితాభస్మంలో కొంత లూనార్ ప్రాస్పెక్టర్ నౌకలో ఉంచి పంపారు. 1999 జూలై 31న ఆ నౌక చంద్రుని దక్షిణ ధ్రువం దగ్గర కూలింది. చివరికి ఆయన ఆ మట్టిలోనే కలిసిపోయారు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడిని నేను. ఇంజనీరింగ్ సీటు రానప్పుడు ఊరికి వెళ్ళడానికే సిగ్గుపడ్డాను. ఇష్టం లేకుండానే జియాలజీలో చేరాను. షూమేకర్ జీవితం చదివాకే నా పుస్తకాలు నాకు నచ్చాయి. తమ్ముళ్ళూ! కోరుకున్న సీటు రాలేదని పెట్టె సర్దుకుని ఇంటికి వెళ్ళిపోకండి. దొరికిన చదువునే గట్టిగా పట్టుకోండి.