వల్లభాచార్యులు: వ్రతసమాప్తియు దైన్యమును

తెలుగువారి యిండ్లలో వ్రతము క్షమాప్రార్థనతో ముగియుట ఆచారము. మంత్రమునందు, క్రియయందు, భక్తియందు కలిగిన లోపముల నొప్పుకొని, చేసినదానిని భగవంతున కర్పించి వ్రతకర్త లేచును. ఈ కడపటి నమస్కారముననున్న దైన్యమునే జీవితసిద్ధాంతముగా నాచరించిన మహనీయులు వల్లభాచార్యులు. వీరు వెలనాటి తెలుగు బ్రాహ్మణులు, భారద్వాజగోత్రులు. జన్మస్థలము మాత్రము ఛత్తీస్‌గఢ్‌లోని చంపారణ్యము. బిలాసపురపు రైల్వే ప్రాంతమగు లాల్‌ఖదాన్‌నుండి దక్షిణముగా రాయపూరు దాటి పోవువారికి రాజిము చేరువలో నీ క్షేత్రము కానవచ్చును.

వీరి పూర్వులు నూఱు సోమయాగములు చేయ వ్రతము పూనిరని సంప్రదాయకథనము. యజ్ఞనారాయణభట్టు ఆరంభించిన యీ దీక్ష తరతరములు సాగి లక్ష్మణభట్టు కాలమున పూర్తియయ్యెను. శతయాగపూర్తిచే ఆ వంశమున భగవంతు డవతరించునని వారి విశ్వాసము. కాశిలో దండయాత్రాభయము కలుగగా లక్ష్మణభట్టు గర్భవతియగు భార్య ఇల్లమ్మతో బయలుదేరెను. దారిలో చంపారణ్యమున 1479లో, మతాంతరమున 1478లో, నెలలు నిండకయే వల్లభులు జన్మించిరి.

శతయాగఫలముగా కీర్తింపబడిన యీ పుత్రుడే, అనుగ్రహము సాధనములకు వెల కాదని పుష్టిమార్గమున బోధించుట గమనింపదగినది. వల్లభులు వేదకర్మను నిందింపలేదు. దానివలని అహంకారమును మాత్రము విడువుమనిరి. షోడశగ్రంథములలోని కృష్ణాశ్రయమున తీర్థములు, మంత్రములు, వ్రతములు కాలదోషమున చెడినవని వర్ణించి, వివేకము, ధైర్యము, భక్తి లేని దీనునికి కృష్ణుడే గతియనిరి. వ్రతాంతప్రార్థన లోపమును పూర్ణముగా నెంచుమని వేడును; కృష్ణాశ్రయము పూర్ణత్వమును కోరదు, ఆశ్రయమును మాత్రమే కోరును.

వారి తుదిజీవితము ఈ భేదమునకు నిదర్శనము. భాగవతవ్యాఖ్యయగు సుబోధిని మొదటి మూడు స్కంధములకును, దశమమునకును, ఏకాదశమున కొంతభాగమునకును మాత్రమే వెలసినది. లోకమును విడిచి రమ్మను భగవదాజ్ఞను రెండుమార్లు తాము నెరవేర్పలేదని అంతఃకరణప్రబోధమున తమ మనస్సుకే విన్నవించుకొనిరి. మూడవ ఆజ్ఞతో గ్రంథము నట్లే విడిచి, సన్న్యసించి, 1531లో, మతాంతరమున 1530లో, కాశి హనుమాన్‌ఘాట్టున గంగలో ప్రవేశించిరి. పూర్వులు నూఱింటిని పూర్తిచేసి సమర్పించిరి. వల్లభులు పూర్తికానిదానినే సమర్పించిరి.