గుస్తావ్ కిర్కాఫ్ మహాశయుని జీవితము

విద్యుద్వలయముల లెక్కలు చేయు విద్యార్థులలో కిర్కాఫ్ పేరు వినని వారుండరు. ఆయన నియమములను కంఠస్థము చేసినవారు పెక్కండ్రు. ఆయన జీవితము నెఱిగినవారు కొందఱే.

గుస్తావ్ రాబర్ట్ కిర్కాఫ్ 1824వ సంవత్సరము మార్చి 12వ తేదీన ప్రష్యా దేశమందలి క్యోనిగ్స్‌బర్గు పట్టణమున జన్మించెను. ఆ పట్టణపు విశ్వవిద్యాలయమున ఫ్రాంజ్ నోయ్‌మన్ అను భౌతికశాస్త్రాచార్యునికి శిష్యుడయ్యెను. 1845లో, విద్యార్థిగా నున్నప్పుడే, గురువుగారి గోష్ఠిలో అభ్యాసముగా చేసిన పనినుండి ఆయన ప్రసిద్ధ నియమములు వెలువడినవి. తీగలు కలియు కూడలికి వచ్చు ప్రవాహమెంతయో, వెడలు ప్రవాహమంతయే యనునది మొదటిది. మూసిన వలయమును చుట్టివచ్చినచో వోల్టేజి హెచ్చులును తగ్గులును సరిపోవు ననునది రెండవది. పాఠశాలలో నిచ్చిన యభ్యాసమును అల్పమని తలంపక శ్రద్ధతో చేసినందున లోకమునకు కలిగిన లాభమిది.

1850లో ఆయన బ్రెస్లావునందు ఆచార్యుడయ్యెను. అచ్చట బున్సెన్ అను రసాయనశాస్త్రజ్ఞునితో మైత్రి కుదిరెను. 1854లో హైడెల్‌బర్గు చేరి, మిత్రులిరువురును వెలుతురులోని రేఖలను పరీక్షించి, 1860లో సీజియమును, 1861లో రుబీడియమును కనుగొనిరి. 1868లో కాలికి దెబ్బ తగిలి, కిర్కాఫ్ చాలకాలము ఊతకఱ్ఱలపైనను చక్రముల కుర్చీపైనను ఆధారపడవలసి వచ్చెను. మరుసటి యేడే భార్య క్లారా మరణించెను. బిడ్డల పెంపకము మీదబడినను ఆయన బోధన మానలేదు. 1875లో బెర్లినుకు వెళ్ళి, 1887 అక్టోబరు 17వ తేదీన అచ్చటనే కాలధర్మము నొందెను.

నేడు విద్యార్థులు ఇంటివద్ద చేసిన వలయముల లెక్కలను కంప్యూటరుపై సరిచూచుకొనుచున్నారు. ఇట్టి సాఫ్ట్‌వేరులలో పేరొందినది, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖలో పుట్టి 1973లో ప్రకటితమైన స్పైస్. అది ప్రతి కూడలివద్ద కిర్కాఫ్ మొదటి నియమమునే సమీకరణముగా వ్రాసికొని సాధించును. కాని మనమిచ్చిన వలయమునే అది సాధించును గాని, మన పుస్తకములోని వలయమును ఎఱుగదు. బ్యాటరీ కొనలను తారుమారుగా తెలిపినచో, ఆ తప్పు వలయమునకే సరియైన జవాబు చెప్పును.

ఒక యుదాహరణము చూడుడు. 12 వోల్టుల బ్యాటరీకి 2, 4 ఓముల నిరోధములను వరుసగా కలిపినచో ప్రవాహము 2 ఆంపియర్లు. నిరోధములపై తగ్గు వోల్టులు 4, 8, మొత్తము 12. లెక్క సరిపోయినది. అయినను స్పైస్ బ్యాటరీ ప్రవాహమును ఋణ 2 అని చూపును. బ్యాటరీ ధనకొననుండి లోపలిగా ఋణకొనకు పోవు దిశను అది ధనముగా గణించుటయే దీనికి కారణము. ఇది యెఱుగని బాలుడు తన సరియైన జవాబును చెఱిపివేయును.

కావున విద్యార్థులారా, ముందు చేతితో లెక్కచేసి, వలయమును చుట్టి కూడిచూచి, పిదప యంత్రము నడుగుడు. రెండును కలియనిచో తొందరపడి చెఱుపక, ఏ కూడలివద్ద భేదించినవో వెదకుడు. కిర్కాఫ్ మనకిచ్చిన రెండు నియమములును ఆ వెదకుటకే యుపయోగించును.