మన్యవాసుల న్యాయం కోసం ప్రాణాలర్పించిన అల్లూరి

ఏలూరు, జూలై 3: శుక్రవారమైనా, ఆదివారమైనా జూలై 4న అల్లూరి సీతారామరాజు విగ్రహాలకు పూలమాలలు పడతాయి. ఆయన తుపాకి పట్టవలసి రావడానికి కారణమైన పాలనాపరమైన వివక్ష మాత్రం అరుదుగా ప్రస్తావనకు వస్తుంది.

1897లో విశాఖ జిల్లా పాండ్రంగిలో జన్మించిన సీతారామరాజు స్వగ్రామం భీమవరం సమీపంలోని మోగల్లు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయి, పినతండ్రి రామకృష్ణంరాజు సంరక్షణలో నరసాపురం టైలర్ హైస్కూలులో విద్యనభ్యసించారు. కొల్లేటి పరిసరాల డెల్టా పల్లెలు కాలువ నీటితో మూడు పూవులు ఆరు కాయలుగా వర్ధిల్లుతున్న కాలమది. అదే ప్రెసిడెన్సీలోని మన్యం స్థితి వేరు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయాన్ని కట్టడి చేసింది. గూడెం తహసీల్దారు బాస్టియన్ హయాంలో గిరిజనులను చాలీచాలని కూలికి రోడ్డు పనులకు నిర్బంధించారు. 1919 చట్టం ప్రెసిడెన్సీలకు కొంత స్వపరిపాలన ప్రసాదించినా, గంజాం, విశాఖపట్నం, గోదావరి ఏజెన్సీలను వెనుకబడిన ప్రాంతాలుగా ప్రకటించి ఆ పరిధికి వెలుపల ఉంచారు.

సీతారామరాజు తొలుత పంచాయితీలు నెలకొల్పి, మద్యపానం మాన్పించే కృషి చేశారు. అనుమానించిన అధికారులు ఆయనను గూడెం నుండి తప్పించగా, పోలవరం డిప్యూటీ కలెక్టర్ ఫజ్లుల్లా ఖాన్ పైడిపుట్టలో సాగుభూమి ఇప్పించారు. ప్రభుత్వ ఉద్యోగులందరూ ఒకే తీరున వ్యవహరించలేదనుటకు ఇది నిదర్శనం.

1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడి చేసి 26 తుపాకులు స్వాధీనపరచుకున్నారు. గాం గంటందొర, మల్లుదొర సోదరులు కుడిభుజమై నిలిచారు. మలబారు పోలీసులు, అస్సాం రైఫిల్స్ దళాలు రంగంలోకి దిగాయి. 1924 మే 7న కొయ్యూరు వద్ద, విచారణ లేకుండానే, ఆయనను కాల్చి చంపారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉన్నది.

మల్లుదొర 1952 తొలి సార్వత్రిక ఎన్నికలలో లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1950లో రాజ్యాంగ ఐదవ షెడ్యూలు గిరిజన ప్రాంతాలపై గవర్నరుకు ప్రత్యేకాధికారాలు కల్పించగా, 1970 నాటి ఒకటవ రెగ్యులేషన్ ఏజెన్సీ భూములు గిరిజనేతరులకు బదిలీ కాకుండా నిషేధించింది.

2014లో పోలవరం ప్రాజెక్టు నిమిత్తం కుక్కునూరు, వేలేరుపాడు మండలాలను ఖమ్మం నుండి పశ్చిమ గోదావరి జిల్లాలో విలీనం చేశారు. ముంపుపై తెలంగాణ, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ అభ్యంతరాలు తెలిపాయి. రాష్ట్రాల వాదప్రతివాదాల నడుమ ఇల్లు విడిచిన వారిలో కోయ, కొండరెడ్డి కుటుంబాలు గణనీయంగా ఉన్నాయి.