పట్టు విడువని మల్లయోధుడు - ఖాశాబా జాధవ్

తిరునాళ్లలో, జాతరలలో కుస్తీ పోటీలు జరగడం మీరు చూసే ఉంటారు. గోదాలోకి దిగిన ఇద్దరిలో ఎవరిది పైచేయి అవుతుందోనని జనం ఊపిరి బిగబట్టి చూస్తారు. అలాంటి పల్లెటూరి గోదాలో మొదలై ఒలింపిక్ పోటీల దాకా సాగిన ఒక జీవితాన్ని ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఖాశాబా దాదాసాహెబ్ జాధవ్ 1926 జనవరి 15న జన్మించారు. వారి ఊరు గోలేశ్వర్. ఇది మహారాష్ట్రలోని సతారా జిల్లాలో కరాడ్ పట్టణం పక్కన ఉంది. తండ్రి దాదాసాహెబ్ కూడా మల్లయోధుడే. అయిదుగురు కొడుకులలో చిన్నవాడైన ఖాశాబాకు అయిదేళ్ల వయసు నుంచే ఆయన కుస్తీ నేర్పారు. అంటే తండ్రే తొలి గురువు.

పై చదువుకు ఖాశాబా కొల్హాపూర్‌లోని రాజారామ్ కళాశాలలో చేరారు. కొల్హాపూర్ కుస్తీకి పేరు పొందిన పట్టణం. ఖాశాబా భారీ మనిషి కాదు. అయితే ప్రత్యర్థి ఒక పట్టు పట్టేలోగా తాను రెండు పట్లు పట్టగల చురుకుదనం ఆయనకుంది. కుస్తీలో కండబలం ఒక్కటే చాలదని దీనివల్ల మీరు గ్రహించవచ్చు.

1948లో లండన్ ఒలింపిక్స్‌కు వెళ్లే అవకాశం వచ్చింది. ప్రయాణ ఖర్చులకు కొల్హాపూర్ మహారాజు సాయం చేశారు. మన ఊళ్లలో కుస్తీ మట్టిలో పడతారు. అక్కడ పరుపు వంటి మ్యాట్‌పై పట్టాలి. నియమాలూ వేరు. అమెరికాకు చెందిన రీస్ గార్డ్‌నర్ అనే శిక్షకుడు ఆయనకు మెళకువలు నేర్పారు. కొత్త పద్ధతిలో పోటీపడినా ఖాశాబా ఫ్లైవెయిట్ విభాగంలో ఆరో స్థానం సంపాదించారు.

ఆరో స్థానంతో ఆయన తృప్తి పడలేదు. నాలుగేళ్లు కఠోర సాధన చేశారు. 1952లో ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో మళ్లీ ఒలింపిక్స్ వచ్చాయి. ఈసారి డబ్బు పెద్ద అడ్డంకి అయింది. ఊరివారు తలా కొంత చందా ఇచ్చారు. అదీ చాలలేదు. అప్పుడు కళాశాల ప్రిన్సిపాల్ ఖర్డేకర్ తన ఇంటిని తాకట్టు పెట్టి 7,000 రూపాయలు తెచ్చి ఇచ్చారు. శిష్యుడు గెలుస్తాడో లేదో తెలియదు. ఓడితే ఇల్లు ఏమవుతుందో తెలియదు. అయినా ఆ గురువు వెనుకాడలేదు.

హెల్సింకీలో ఖాశాబా 57 కిలోల బ్యాంటమ్ వెయిట్ విభాగంలో పోటీ చేశారు. కెనడా, మెక్సికో, జర్మనీ యోధులను ఓడించారు. జపాన్‌కు చెందిన షోహాచీ ఇషీ చేతిలోను, సోవియట్ యూనియన్‌కు చెందిన రషీద్ మమ్మద్‌బెయోవ్ చేతిలోను ఓడిపోయారు. వారిద్దరికీ స్వర్ణ, రజత పతకాలు దక్కగా ఖాశాబాకు కాంస్య పతకం లభించింది. స్వతంత్ర భారతదేశానికి వ్యక్తిగత క్రీడలో వచ్చిన మొదటి ఒలింపిక్ పతకం ఇదే. అటువంటి రెండో పతకం కోసం దేశం 1996 వరకు ఎదురుచూడవలసి వచ్చింది. ఆ ఏడాది టెన్నిస్‌లో లియాండర్ పేస్ దాన్ని సాధించారు.

తిరిగి వచ్చిన ఖాశాబాను వందకు పైగా ఎడ్లబండ్లతో ఊరేగింపుగా ఊళ్లోకి తీసుకువెళ్లారు. ఆయన మాత్రం గురువు ఇల్లు తాకట్టులో ఉన్న సంగతి మరచిపోలేదు. కుస్తీ పోటీలు ఏర్పాటు చేసి, వాటిలో తానూ పాల్గొని, వచ్చిన డబ్బును ఖర్డేకర్‌కు అందజేశారు.

1955లో ఆయన పోలీసు శాఖలో సబ్-ఇన్‌స్పెక్టరుగా చేరారు. మోకాలి గాయం వల్ల 1956 ఒలింపిక్స్‌కు వెళ్లలేకపోయారు. అయినా కుస్తీని వదలలేదు. ఉద్యోగం చేస్తూనే క్రీడా శిక్షకుడిగా తాను నేర్చినది ఇతరులకు నేర్పారు. అసిస్టెంట్ పోలీస్ కమిషనర్ హోదాలో పదవీ విరమణ చేశారు. 1984 ఆగస్టు 14న రోడ్డు ప్రమాదంలో మరణించారు.

బతికి ఉండగా ఆయనకు తగిన గౌరవం దక్కలేదు. అర్జున పురస్కారం మరణానంతరమే వచ్చింది. 2010లో ఢిల్లీలోని కుస్తీ స్టేడియానికి ఆయన పేరు పెట్టారు.

ఇప్పుడు మీరు ఆలోచించండి. ఈ పతకం వెనుక తండ్రి, గురువు, ఊరివారు ఉన్నారు. వారిలో ఏ ఒక్కరు చేయి అందించకపోయినా ఏమయ్యేది? మీ చదువుకు ఎవరెవరు అండగా నిలిచారు? వారి గురించి అయిదు వాక్యాలు మీ నోటు పుస్తకంలో రాయండి.