వాల్వజోర్

నేటి స్లొవేనియా దేశము సున్నపురాతి కొండల సీమ. వాననీరు ఆ రాతిని యుగములుగా కరగించి, లోపల గుహలను తొలిచినది. అచ్చట ఏరులు హఠాత్తుగా భూమిలోనికి దూరి, వేఱొకచోట ఊటలై వెలువడును. అట్టి ఊటలలో లింట్‌వెర్న్ ఒకటి. అది కొంతసేపు పొంగును, కొంతసేపు అణగును. కొండ కడుపులో డ్రాగను అను ఘోరసర్పము కలదనియు, అది కదలినపుడు నీరు పొంగుననియు పూర్వము ప్రజలు నమ్మిరి. పెద్దవానలకు జానెడు పొడవుగల పాలిపోయిన ప్రాణులు నీటిలో కొట్టుకొనివచ్చెడివి. అవి ఆ సర్పము పిల్లలేయని జనులు భయపడిరి.

ఈ సీమ నాడు కార్నియోలా యనబడెడిది. అందు 1641లో యానెజ్ వాయ్‌కార్డ్ వాల్వజోర్ జన్మించెను. యుద్ధములందు పాల్గొని, పలుదేశములు తిరిగి వచ్చి, 1672లో బోగెన్‌ష్పెర్క్ కోటను కొనెను. అచ్చట రాగిఱేకులపై చిత్రములు చెక్కి అచ్చువేయు శాలను నెలకొల్పెను. తన సీమను గూర్చి లోకమునకు తెలియదని అతని చింత. అందుచే గుహలలోనికి స్వయముగా దిగి చూచెను. వానకాలమున నిండి, వేసవిలో మాయమగు చెర్క్నిత్సా సరస్సును పరిశీలించి వ్రాసెను. అతని వివరణ యంతయు సరియైనది కాదు. అయినను ఆ కృషికి మెచ్చి లండనులోని రాయల్ సొసైటీ 1687లో అతనిని సభ్యునిగా చేర్చుకొనెను.

లింట్‌వెర్న్ కథనుకూడ అతడు విచారించెను. అది డ్రాగను పిల్ల కాదనియు, బల్లివంటి చిన్న ప్రాణియనియు నిశ్చయించెను. 1768లో లారెంటి యను పండితుడు దానికి శాస్త్రనామముంచి, సరీసృపములను గూర్చిన గ్రంథమున చేర్చెను. నేడు దానిని కప్పవలె ఉభయచరమని యెఱుగుదుము. చీకటిలో కన్నులతో పనిలేక, వానిపై చర్మము కప్పుకొనిపోయినది. ఏండ్లతరబడి ఆహారము లేకయు అది బ్రదుకగలదు. మలినజలమున మాత్రము బ్రదుకలేదు. పైనుండి వాననీరు తెచ్చు ఆకుతుక్కును తిని బ్రదుకు చిఱుపురుగులే దాని ఆహారము. కాని ఆ నీటితోడనే పొలములందలి మందులును, గోతులలో పాఱవైచిన చెత్తయు దాని మడుగునకు దిగుచున్నవి.

ఈ సంగతులు వాల్వజోరు మరణించిన చాలకాలమునకు తెలిసినవి. 1689లో అతడు కార్నియోలాను గూర్చిన బృహద్గ్రంథమును ప్రకటించెను. మూడువేల అయిదువందలకు పైగా పుటలు, అయిదువందలకు పైగా చిత్రములు! ఆ వ్యయముతో అప్పులపాలయ్యెను. 1690లో అతని పుస్తకములను జాగ్రెబు నగరపు బిషప్పు కొనెను. 1692లో కోటయు చేయిజాఱెను. మఱుసటి యేట క్రష్కో పట్టణమున అతడు పేదవాడై కన్నుమూసెను.